నూర్ వెళ్లిన దారిలో, డాఖావ్ దాకా

ఒకటో రోజు, పారిస్

హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కి, దోహాలో నాలుగు గంటలు కూర్చుని, పారిస్‌లో దిగేసరికి మధ్యాహ్నం అయింది. అమ్మాయి, అల్లుడు, ఐదేళ్ల మనవడు కార్ల్స్‌రూ నుంచి ముందే వచ్చి మా కోసం ఎదురుచూస్తున్నారు. సాయంత్రం సెన్ నది ఒడ్డున నిలబడి ఐఫిల్ టవర్ చూశాం. నిద్రమత్తులో అంతా కలలా ఉంది.

మొత్తం పదమూడు రోజుల ప్రయాణం. ఏ రోజు ఏ ఊరో అల్లుడు కాగితం మీద రాసి ఇచ్చాడు. అందులో నేను అడిగి రాయించుకున్నవి రెండే. పారిస్ పక్కన సురేన్, మ్యూనిక్ పక్కన డాఖావ్. మన పుస్తకాల్లో డాచౌ అని ఉంటుంది గానీ అక్కడివాళ్లు డాఖావ్ అంటారు.

ఎందుకు అడిగానో చెప్పాలి. నల్గొండ జిల్లాలో ప్రభుత్వ హైస్కూళ్లలో 28 ఏళ్లు సోషల్ చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఏటా వచ్చేది. కారణాలు, ఫలితాలు, 60 లక్షల మంది యూదుల హత్య. బోర్డు మీద రాసేదాన్ని, పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్లు. రిటైరయ్యాక నూర్ ఇనాయత్ ఖాన్ గురించి చదివాను. ఆ యుద్ధంలో బ్రిటన్ తరఫున ఫ్రాన్స్‌లో రహస్యంగా పనిచేసి, డాఖావ్ నాజీ శిబిరంలో ప్రాణం పోగొట్టుకున్న అమ్మాయి. పెరిగింది సురేన్‌లో. ఆమె తండ్రి మన హైదరాబాద్‌లో పాటలు పాడినవాడని తెలిసిన రోజు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఆ పాఠంలో పిల్లలకు ఒక్క మనిషిని కూడా చూపించలేదు నేను.

రెండో రోజు

లూవ్ర్ మ్యూజియం. ఐదు గంటలు నడిచాం. మావారికి ఎడమ మోకాలు ఎప్పటి నుంచో నొప్పి, మూడో అంతస్తుకే పట్టీ కట్టుకోవాల్సి వచ్చింది. మోనాలిసా ముందు జనం తలలే కనిపించాయి.

మూడో రోజు, సురేన్

లా డిఫాన్స్ దాకా మెట్రో, అక్కడి నుంచి ట్రామ్. మనవడికి ట్రామ్ తెగ నచ్చింది, ముందు అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. సురేన్‌లో దిగి మెల్లగా గట్టు ఎక్కాం. ఆ ఇంటి పేరు ఫజల్ మంజిల్. లోపలికి వెళ్లే ప్రయత్నం చేయలేదు, బయట నిలబడి చూశాం. గోడ మీది ఫలకంలో నూర్ పేరు ఉంది. ఆమె ఇక్కడ ఉండేదని, డాఖావ్‌లో కాల్చి చంపారని ఫ్రెంచిలో రాశారు. అమ్మాయి చదివి చెప్పింది.

ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు. తల్లివైపు నుంచి టిప్పు సుల్తాన్ వంశం. యువకుడిగా ఉన్నప్పుడు హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడాడు. సయ్యద్ అబూ హాషిమ్ మదనీ అనే సూఫీ గురువు ఆయనకు దొరికింది కూడా హైదరాబాద్‌లోనే. గురువు మాట ప్రకారం సూఫీ బోధను పడమటి దేశాలకు తీసుకెళ్లాలని 1910 సెప్టెంబర్ 13న ఓడ ఎక్కాడు. అమెరికాలో పరిచయమైన ఓరా రే బేకర్‌ను లండన్‌లో పెళ్లాడాడు. పెద్దకూతురు నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది.

ఈ ఇంట్లోనే ఆమె పెరిగింది. పదమూడేళ్లప్పుడు తండ్రి పోయాడు. తల్లి దుఃఖంతో గదికే పరిమితమైపోతే ముగ్గురు చిన్నవాళ్లనూ ఈ అమ్మాయే చూసుకుంది. తర్వాత సోర్బోన్‌లో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివింది, వీణలాంటి హార్ప్ నేర్చుకుంది, పత్రికలకు పిల్లల కథలు రాసింది. 1939లో ఇరవై జాతక కథలను ఇంగ్లీషులో చెప్పి లండన్‌లో పుస్తకంగా వేసింది. తన ఒంటినే వంతెన చేసి మందనంతా దాటించిన కోతిరాజు కథ అందులో ఉంది. ఆ కథ నాకు మా నాయనమ్మ చెప్పింది. నల్గొండ పల్లెలో ఒక ముసలమ్మ చెప్పిన కథనే ఈ గట్టు మీది ఇంట్లో ఒక అమ్మాయి కూర్చుని రాసిందన్న ఆలోచనకు ఆ వీధిలో నాకు గొంతు పట్టేసింది.

ఇంటికి పైన కొండ మీద మోం వలేరియన్ కోట ఉంది. యుద్ధకాలంలో జర్మన్లు అక్కడ వెయ్యి మందికి పైగా ప్రతిఘటన యోధులను, బందీలను కాల్చి చంపారు. ఎక్కుదామంటే మావారి మోకాలు ఒప్పుకోలేదు. కింద నుంచే చూసి వెనక్కి వచ్చాం.

నాలుగు, ఐదు, ఆరు రోజులు

బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్. ఈ మూడు రోజుల్లో నాకు గుర్తున్నవి ప్లాట్‌ఫారాలు, సూట్‌కేసుల చక్రాల చప్పుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇల్లు చూడాలనుకున్నాను గానీ టికెట్లు వారాల ముందే అయిపోయాయి. కాలువ అవతలి గట్టున నిలబడి ఆ ఇంటి ముందరి భాగం చూశాను. కొలోన్ చర్చి ముందు మెట్ల మీద కూర్చుని మా ఊరి సకినాలు తిన్నాం. మావారు ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు, అంత అలసిపోయారు.

ఏడు, ఎనిమిది రోజులు, కార్ల్స్‌రూ

అమ్మాయి ఇల్లు. పప్పుచారు, బీరకాయ కూర, తెల్లన్నం. రెండు రోజులూ బట్టలు ఉతుక్కోవడం, నిద్రపోవడం. నేను తెచ్చుకున్న కాగితాలు మళ్లీ చదువుకున్నాను.

1940లో జర్మన్లు పారిస్ మీదికి వస్తుంటే నూర్ కుటుంబం ఇంగ్లండ్ చేరింది. ఆమె వైమానిక దళపు మహిళా విభాగంలో చేరి వైర్‌లెస్ నేర్చుకుంది. 1943 జూన్‌లో రహస్యంగా ఆమెను ఫ్రాన్స్‌లో దింపారు. ఆక్రమిత ఫ్రాన్స్‌కు అలా పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. మారుపేరు మడ్లెన్. వెళ్లిన కొద్ది రోజులకే ఆమె పనిచేసే దళంలో ఒక్కొక్కరే పట్టుబడ్డారు. వెనక్కి వచ్చేయమని లండన్ చెప్పినా, తను వస్తే పారిస్‌తో సంబంధం తెగిపోతుందని ఒప్పుకోలేదు. వైర్‌లెస్ సెట్టును పెట్టెలో మోసుకుంటూ చోట్లు మారుస్తూ అక్టోబర్ దాకా సందేశాలు పంపింది. ఎవరో పట్టించారు. తప్పించుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. ఇక పారిపోనని సంతకం పెట్టమంటే పెట్టలేదు. అప్పుడు ఆమెను ఫోర్ట్‌స్‌హైమ్ జైలుకు పంపారు. కాళ్లకు, చేతులకు సంకెళ్లు, ఒంటరి గది, పది నెలలు. భోజనం గిన్నె అడుగున గీకి పక్క ఖైదీలకు తానెవరో తెలియజేసిందట.

ఫోర్ట్‌స్‌హైమ్ కార్ల్స్‌రూకి అరగంట దూరం. 1944 సెప్టెంబర్‌లో ఆమెను అక్కడి నుంచి తీసుకొచ్చి, కార్ల్స్‌రూ జైల్లో ఉన్న మరో ముగ్గురు మహిళలతో కలిపి మ్యూనిక్ వైపు రైలెక్కించారు. మా అమ్మాయి రోజూ ఆఫీసుకు వెళ్లే ఊరు ఇది. ఆ సంగతి చెబితే కూరగాయలు తరుగుతున్నది ఆగిపోయి, "నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నానమ్మా, నాకు తెలీదు" అంది.

తొమ్మిదో రోజు, రైలు

త్వరగా వెళ్లే రైలు వదిలేసి, ఫోర్ట్‌స్‌హైమ్ మీదుగా వెళ్లే మామూలు రైలే ఎక్కుదామన్నాను. ఆ స్టేషన్లో రైలు రెండు నిమిషాలు ఆగింది. ఊరంతా కొత్త కట్టడాలే. 1945 ఫిబ్రవరి 23న బ్రిటిష్ బాంబులకు ఈ ఊళ్లో ఒక్క రాత్రి 17 వేల మందికి పైగా చనిపోయారు. నూర్‌ను బంధించిన ఊరే అది. ఆ పిల్లలేం చేశారు, ఆ ముసలివాళ్లేం చేశారు? ఆ రెండు నిమిషాల్లో నాకు కోపం ఎవరి మీద ఉండాలో తెలియలేదు.

స్టుట్‌గార్ట్‌లో మారాల్సిన రైలు తప్పిపోయింది. గంటన్నర చలిగాలిలో నిలబడ్డాం. మ్యూనిక్‌లో అక్టోబర్ ఫెస్ట్ అనే బీరు పండగ జరుగుతోంది, గదుల అద్దె మూడింతలైంది. అందుకని ఆగ్స్‌బర్గ్‌లో దిగాం. రాత్రి పదకొండు.

పదో రోజు, మ్యూనిక్

మరియన్‌ప్లాట్స్‌లో గడియారం బొమ్మల ఆట చూసి మనవడు గంతులేశాడు. ఎటు చూసినా తోలు నిక్కర్లు, పూల గౌనులు, పాటలు. మంచి మనుషులు, మావారు కుంటడం చూసి ఒకాయన లేచి సీటిచ్చాడు.

రాత్రి మావారు అన్నారు, "సంతోషంగా తిరుగుదామని వచ్చాం. రేపు అక్కడికెందుకే? నాకు నడవడం కూడా చేతకావట్లేదు."

"మీరు పడుకోండి, నేను, అమ్మాయి వెళ్లొస్తాం" అన్నాను. కోపంతో కాదు. నిజంగానే ఆయన విశ్రాంతి తీసుకుంటే బాగుండుననిపించింది. పొద్దున లేచి చూసేసరికి ఆయన బూట్లు వేసుకుని, మోకాలి పట్టీ బిగించుకుని కూర్చున్నారు.

పదకొండో రోజు, డాఖావ్

చిన్నపిల్లలకు ఆ చోటు తగదు. మనవడిని తీసుకుని అల్లుడు మ్యూనిక్‌లో సైన్సు మ్యూజియంకు వెళ్లాడు. మేం ముగ్గురం ఎస్2 రైలెక్కాం. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో డాఖావ్ స్టేషన్. అక్కడి నుంచి 726 నంబరు బస్సు. దారంతా మామూలు ఇళ్లు, బేకరీ, సైకిల్ మీద బడికెళ్లే పిల్లలు. ఏదో అడవిలో, ఎవరికీ కనిపించని చోట ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. ఊళ్లోనే ఉంది.

ప్రవేశానికి డబ్బులేం లేవు. ఇనుప గేటు మీద "ఆర్బైట్ మాఖ్ట్ ఫ్రై" అని ఉంటుంది. పని విముక్తినిస్తుంది అని అర్థం. 2014లో ఎవరో ఈ తలుపును దొంగిలించారు, రెండేళ్ల తర్వాత నార్వేలో దొరికింది. ఇప్పుడు గేటుకు ఉన్నది నకలు, అసలుది లోపల మ్యూజియంలో పెట్టారు.

గేటు దాటగానే హాజరు మైదానం. పొద్దున, సాయంత్రం ఖైదీలందరినీ ఇక్కడ నిలబెట్టి లెక్కపెట్టేవాళ్లు. లెక్క తేలకపోతే గంటల తరబడి, వానలో, మంచులో అలాగే నిలబడాలి. పడిపోయినవాళ్లను పక్కవాళ్లు పట్టుకోకూడదు. 28 ఏళ్లు నేను రోజూ హాజరు తీసుకున్నాను. ఒక్కో పేరు పిలిచి, తల ఎత్తి చూసి, ఎవరికి జ్వరమో, ఎవరు పత్తి ఏరడానికి వెళ్లారో కనుక్కునేదాన్ని. ఇక్కడ పేర్లు లేవు, నంబర్లే. మైదానం నిండా కంకర, నడుస్తుంటే కరకర చప్పుడు.

మావారు నా పక్కన నిలబడి ఉన్నారు. మన మోకాలి నొప్పిని ఈ చోటుతో పోల్చుకుని ఓదార్పు తెచ్చుకోవడం నాకు నచ్చలేదు, ఆయనా ఆ మాట అనలేదు. బల్ల కనబడితే కూర్చున్నారు, లేచి నడిచారు, మళ్లీ కూర్చున్నారు.

మ్యూజియంలో నన్ను కట్టిపడేసింది శవాల ఫొటోలు కాదు, 1933 నాటి ఒక పేపరు వార్త. హిట్లర్ ఛాన్సలర్ అయింది జనవరి 30న. మార్చిలో, మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న హిమ్లర్ విలేకరులను పిలిచి చెప్పాడు, డాఖావ్ దగ్గర 5,000 మంది పట్టే నిర్బంధ శిబిరం బుధవారం తెరుస్తున్నామని. మార్చి 22న, మూతపడిన పాత మందుగుండు ఫ్యాక్టరీలో తెరిచారు కూడా. దాపరికం లేదు. కాఫీ తాగుతూ జనం చదివారు. మొదట తెచ్చింది కమ్యూనిస్టులను, సోషల్ డెమోక్రాట్లను, కార్మిక నాయకులను.

ఏప్రిల్ 12న నలుగురు యూదు ఖైదీలను కాల్చారు, పారిపోబోయారని చెప్పారు. మ్యూనిక్ ప్రాసిక్యూటర్ యోసెఫ్ హార్టింగర్ వచ్చి శవాలను చూసి అది అబద్ధమని పట్టుకున్నాడు. హత్య కేసులు తయారుచేశాడు. పైవాళ్లు ముందుకు సాగనివ్వలేదు. కమాండెంట్‌ను మాత్రం మార్చారు, కొత్తగా వచ్చిన ఐకె రాసిన శిక్షల నిబంధనలే తర్వాత మిగతా శిబిరాలన్నిటికీ నమూనా అయ్యాయి. నేను పాఠం చెప్పినప్పుడు ఎప్పుడూ చివరి నుంచి మొదలుపెట్టాను, గ్యాస్ చాంబర్ల నుంచి. అప్పటికి ఆపగలిగే సమయం దాటిపోయి పదేళ్లు. మొదలు ఇక్కడ ఉంది, ఒక పేపరు ముక్కలో, ఒక కేసు ఫైల్లో. మళ్లీ పిల్లల ముందు నిలబడే అవకాశం వస్తే హార్టింగర్ దగ్గర మొదలుపెడతాను.

పన్నెండేళ్లలో డాఖావ్‌కూ దాని ఉపశిబిరాలకూ 2 లక్షల మందికి పైగా ఖైదీలు వచ్చారు. కనీసం 41,500 మంది చనిపోయారు. అందులో మతగురువులు కూడా ఉన్నారు, 2,700 మందికి పైగా, ఎక్కువమంది పోలండ్ క్యాథలిక్కులు.

ఒక గదిలో మలేరియా ప్రయోగాల గురించి ఉంది. క్లౌస్ షిల్లింగ్ అనే డాక్టర్ వెయ్యి మందికి పైగా ఖైదీలకు కావాలని మలేరియా ఎక్కించి మందులు పరీక్షించాడు. మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లో. ప్రతి ఆగస్టులో పిల్లలకు గర్వంగా చెప్పేదాన్ని. అదే జ్ఞానాన్ని ఇక్కడ బంధించిన మనుషుల నరాల్లోకి ఎక్కించారు. షిల్లింగ్‌ను 1946లో ఉరితీశారు. చదివి పక్కకు వచ్చేశాను.

వెనక ఉన్న జైలు భవనంలో పొడవైన నడవా, రెండు వైపులా గదులు. గెయార్గ్ ఎల్సర్ అనే వడ్రంగిని ఇక్కడ ఉంచారు. 1939 నవంబర్ 8న మ్యూనిక్ బీరు హాల్లో హిట్లర్‌ను చంపడానికి ఒంటరిగా బాంబు పెట్టాడు. ఆ రాత్రి బాంబు పేలడానికి 13 నిమిషాలు ముందు హిట్లర్ వెళ్లిపోయాడు. ఎల్సర్‌ను 1945 ఏప్రిల్ 9న చంపారు. అమెరికా సైన్యం ఈ గేటు తెరిచింది ఏప్రిల్ 29న. ఇరవై రోజులు.

ఖైదీల బారకాసులు 34 ఉండేవి. ఇప్పుడు రెండు మాత్రం తిరిగి కట్టారు, మిగతావాటి పునాదులు కాంక్రీటు గీతల్లా ఉన్నాయి. 6,000 మంది కోసం కట్టిన శిబిరంలో చివరికి 30 వేల మందికి పైగా ఉన్నారు. చెక్క మంచాలు మూడు వరసలు. దుప్పటి అంచు వంకరగా ఉన్నా కొట్టేవాళ్లు. రెండు వరసల నడుమ పాప్లర్ చెట్ల దారి, పొడవుగా, నిటారుగా, సెప్టెంబర్ ఎండలో చాలా అందంగా ఉంది. ఆ అందం నాకు కష్టంగానే ఉంది.

దారి చివర ఎడమకు తిరిగి చిన్న కాలువ వంతెన దాటితే దహనశాల. పక్షుల కూతలు, చెట్ల నీడ. 1942లో కట్టడం మొదలుపెట్టిన కొత్త భవనంలో "స్నానాల గది" అని రాసిన తలుపు ఉంది. అది గ్యాస్ చాంబర్. ఇక్కడ దాన్ని సామూహిక హత్యలకు వాడలేదు. పక్క గదిలో ఇటుక పొయ్యిలు, తలుపులు తెరిచి ఉన్నాయి. అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుంది.

గోడ మీద ఫలకం. నలుగురు మహిళల పేర్లు. 1944 సెప్టెంబర్ 12 రాత్రి వాళ్లు ఇక్కడికి చేరారు. మర్నాడు పొద్దున ఈ దహనశాల దగ్గర కాల్చి చంపారు. సెప్టెంబర్ 13. ఇనాయత్ ఖాన్ మన దేశం వదిలి ఓడ ఎక్కిన తేదీ, 34 ఏళ్ల తర్వాత. నూర్‌కు ముప్పై ఏళ్లు. 1949లో బ్రిటన్ ఆమెకు ధైర్యసాహసాలకు ఇచ్చే జార్జ్ క్రాస్ పతకం ఇచ్చింది.

పువ్వులేమీ తీసుకెళ్లలేదు నేను. ఒక్కో పేరు పైకి చదివాను, బడిలో చదివినట్టే, ఒక్కొక్క పేరు తర్వాత కాస్త ఆగి. యోలాండ్ బీక్‌మన్. మడ్లెన్ డామెర్మాన్. ఎలియాన్ ప్ల్యూమన్. నూర్ ఇనాయత్ ఖాన్. నా వెనక నిలబడ్డ జర్మన్ కుర్రాళ్ల గుంపు మాటలు ఆపేసింది. మావారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు. నేను కదిలేదాకా ఆయన అలా నిలబడే ఉన్నారు.

తిరుగు రైల్లో చుట్టూ బీరు పండగకు వెళ్లే జనం. ఒకమ్మాయి జడలో పువ్వులు పెట్టుకుని నవ్వుతోంది. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. వాళ్లలో ఎంతమంది బడిపిల్లలుగా ఆ గేటు దాటి వచ్చి ఉంటారో అనుకున్నాను.

అదే రాత్రి, ఆగ్స్‌బర్గ్

రేపు సాల్జ్‌బర్గ్ అని కాగితంలో ఉంది. మావారు వద్దనకముందే నేనే వద్దన్నాను. రేపు పొద్దంతా పడుకుందాం, ఎల్లుండి విమానం.

మనవడు నా పక్కలోకి దూరాడు. "అమ్మమ్మా, మీరేం చూశారు? నేను విమానం లోపలికెక్కా."

అమ్మాయి నావైపు చూసింది. "ఒక కథ చూశాం" అన్నాను. "చెప్పనా?"

గంగ ఒడ్డున మామిడిచెట్టు. దాని మీద కోతులమంద, వాటికో రాజు. పళ్ల కోసం కాశీరాజు విల్లుకాళ్లతో వచ్చి చెట్టును చుట్టుముట్టాడు. కోతిరాజు అవతలి గట్టుకు దూకి, ఒక తీగ తెచ్చి నడుముకు కట్టుకున్నాడు. తీగ కాస్త పొట్టిదైంది. దాంతో చేతులు చాచి మామిడికొమ్మ పట్టుకుని, తన వీపునే వంతెన చేశాడు. కోతులన్నీ ఒక్కొక్కటే ఆ వీపు మీద నడిచి దాటాయి.

"అన్నీ దాటాక రాజు కూడా దిగాడా?"

"దిగలేకపోయాడు. చివరి కోతి పైనుంచి గట్టిగా దూకింది. రాజు వీపు విరిగింది."

"ఎవరూ పట్టుకోలేదా?"

"కాశీరాజు చూసి, మెల్లగా దింపించి, మెత్తని పక్క మీద పడుకోబెట్టాడు. కానీ బతకలేదు."

వాడు కాసేపు పైకప్పు చూస్తూ ఉన్నాడు. "ఈ కథ నీకు ఎవరు చెప్పారు?"

"మా నాయనమ్మ చెప్పింది. తర్వాత నూర్ అనే ఆవిడ పిల్లల కోసం పుస్తకంలో రాసింది."

"ఆవిడది ఏ ఊరు?"

ఏ ఊరని చెప్పాలి? "సురేన్" అన్నాను.

"మనం ట్రామ్ ఎక్కామే, ఆ ఊరా?"

"ఆ ఊరే."

సరేనన్నట్టు తలూపి, నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని పక్కకు తిరిగి పడుకున్నాడు.